పంపు చివర కొనండి: మేపుల్ చెట్లకు ట్యాపులు, వాక్యూమ్ సామాను ఎంచుకునే పద్ధతి

ఏటా జనవరి రాగానే నాకు వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న. "అన్నా, మేపుల్ చెట్లకి ఏ వాక్యూమ్ పంపు కొనమంటావ్?" ఎన్ని చెట్లున్నాయి తమ్ముడూ అంటే "ఓ ఎనిమిదుంటాయి" అంటారు. ఎనిమిది చెట్లకు వాక్యూమ్ పంపంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. నేను అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో మా ఇంటి వెనక అడవిలో, మేపుల్ రసం మరిగించి సిరప్ చేసుకోవడానికి తొమ్మిది బకెట్లతో మొదలుపెట్టి ఇప్పుడు 140 ట్యాపుల (రసం కారడానికి చెట్టులోకి దింపే గొట్టాల) దాకా వచ్చాను. దారిలో పనికిరాని సామాను చాలానే కొన్నాను. అందులో నాకు అర్థమైంది ఏమిటంటే, పంపు ఎప్పుడూ చివర కొనాల్సిన వస్తువు. దానికంటే ముందు చెట్లు, వాలు, స్పౌట్ (ఆ గొట్టమే), లైను (రసాన్ని ట్యాంకు దాకా తెచ్చే ట్యూబు), ఈ నాలుగూ సరిగ్గా ఉండాలి. ఇవి సరిగ్గా లేనప్పుడు ఎంత ఖరీదైన పంపు పెట్టినా అది అడవిలోని గాలిని పీల్చుకుంటూ కూర్చుంటుంది, కరెంటు బిల్లు మీరు కట్టుకుంటారు.

అసలు రసం ఎందుకు కారుతుంది

ఇది రెండు నిమిషాలు ఓపిగ్గా చదవండి, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. మేపుల్ చెక్కలోని సన్నని నారల్లో నీళ్లు ఉండవు, గాలి ఉంటుంది. రాత్రి సున్నా డిగ్రీల కిందికి పోయినప్పుడు ఆ గాలి కుంచించుకుపోతుంది, మంచు కడుతుంది, చెట్టు కింద నుంచి నీటిని పైకి లాక్కుంటుంది. పగలు నాలుగైదు డిగ్రీలకు వెచ్చబడగానే మంచు కరిగి, గాలి మళ్లీ వ్యాకోచించి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. మీరు రంధ్రం పెట్టి ఉంచారు కాబట్టి ఆ ఒత్తిడికి రసం బయటికి వస్తుంది. అంటే లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే ఎక్కువగా ఉన్నంతసేపే కారుతుంది.

వాక్యూమ్ చేసేది ఇక్కడే. చెట్టు లోపల ఒత్తిడిని అది పెంచదు, రంధ్రం బయట ఒత్తిడిని తగ్గిస్తుంది. దాంతో చెట్టు తనంతట తాను తోయడం ఆపేసిన తర్వాత కూడా రసం వస్తూనే ఉంటుంది. వాక్యూమ్‌ని ఇక్కడ పాదరసం అంగుళాల్లో కొలుస్తారు. సముద్రమట్టం దగ్గర గరిష్ఠంగా 29.9 అంగుళాలు, ఎత్తు ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. ఒక్కో అంగుళం వాక్యూమ్‌కి రసం సుమారు 5 నుంచి 7 శాతం పెరుగుతుందని లెక్క. బకెట్టు కింద ఒక ట్యాపుకు సీజన్ మొత్తం మీద పది గ్యాలన్లు వస్తే, మంచి వాక్యూమ్ మీద ఇరవై దాటుతుంది.

మా అత్తయ్య మొదటిసారి వచ్చినప్పుడు ఇదంతా చూసి "చెట్టుకి నొప్పి పుట్టదూ, రక్తం పీల్చినట్టు పీలుస్తున్నారు" అంది. న్యాయమైన ప్రశ్నే. వెర్మాంట్ యూనివర్సిటీ వాళ్లకు అండర్‌హిల్‌లో ప్రాక్టర్ మేపుల్ పరిశోధన కేంద్రం ఉంది, వాళ్లు దీన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. వాక్యూమ్ వల్ల రంధ్రం చుట్టూ గాయం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు, రసంలో చక్కెర శాతమూ పలచబడలేదు. చెట్టుకు చేటు చేసేది ఎక్కువ రంధ్రాలు, లావు రంధ్రాలు, ఏటా ఒకే చోట పెట్టిన రంధ్రాలు.

1. చెట్లు లెక్కపెట్టండి

ఆకులు ఉన్నప్పుడే, అంటే శరదృతువులోనే, చెట్లకు రిబ్బన్లు కట్టేసుకోండి. చలికాలంలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అప్పటికి ఆలస్యమైపోతే మొగ్గలు చూడండి. షుగర్ మేపుల్ మొగ్గ గోధుమ రంగులో, సూదిలా మొనదేలి ఉంటుంది. రెడ్ మేపుల్‌ది ఎర్రగా, గుండ్రంగా. రెండింట్లోనూ కొమ్మలు ఎదురెదురుగా జంటగా పుడతాయి. రెడ్ మేపుల్ పనికొస్తుంది గానీ అది ముందే మొగ్గ విచ్చుతుంది, ఆ తర్వాత వచ్చే రసంతో సిరప్ చేస్తే రుచి చెడిపోతుంది. అందుకే వాటిని విడిగా ఒక లైను మీద పెట్టుకుంటే ముందుగా ఆపేయొచ్చు.

ఛాతీ ఎత్తులో అడ్డకొలత 12 అంగుళాలు ఉంటే ఒక ట్యాపు. 18 దాటితే రెండు. మూడు పెట్టే రోజులు పోయాయి, ఎంత పెద్ద మాను అయినా సరే. టేపుతో చుట్టుకొలత తీసి 3.14తో భాగించండి, కంటి అంచనా మాత్రం నమ్మొద్దు, నేను వేసిన అంచనాలన్నీ రెండు మూడు అంగుళాలు ఎక్కువే తేలాయి.

ఇప్పుడు సిరప్ లెక్క. 86ని రసంలోని చక్కెర శాతంతో భాగిస్తే ఒక గ్యాలన్ సిరప్‌కు ఎన్ని గ్యాలన్ల రసం కావాలో తెలుస్తుంది. రసంలో మామూలుగా 2 శాతం చక్కెర ఉంటుంది, అంటే 43 గ్యాలన్లు. పది ట్యాపుల బకెట్ల మీద సీజన్‌కు నూరు గ్యాలన్లు వస్తే, మీ చేతికి వచ్చేది రెండుంపావు గ్యాలన్ల సిరప్, ఇంటికి ఏడాదికి సరిపోతుంది. పంపు పెడితే రెండు వందల గ్యాలన్లు. వాటిని మరిగించేది ఎవరు? వంటింట్లో మరిగిస్తే గోడకాగితం ఊడిపోతుంది, నవ్వులాట కాదు. కాబట్టి పొయ్యి సామర్థ్యం చూసుకున్నాకే ట్యాపుల సంఖ్య నిర్ణయించుకోండి.

2. వాలు కొలవండి

ఇది చాలామంది దాటేసే మెట్టు. మన మేస్త్రీలు పునాది మట్టం చూడటానికి నీళ్లు నింపిన పారదర్శక గొట్టం వాడతారు కదా, అదే పద్ధతి. పై చెట్టు దగ్గర నుంచి ట్యాంకు పెట్టాలనుకున్న చోటి దాకా నాలుగైదు అడుగుల చొప్పున మెట్లుగా దిగుతూ కొలవండి. మొత్తం ఎంత దిగుడు వచ్చిందో కాగితం మీద రాసుకోండి. ఆ ఒక్క అంకె చూస్తే మీకు పంపు కావాలో అక్కర్లేదో సగం తేలిపోతుంది. ఎలాగో లైన్ల దగ్గర చెప్తాను.

3. స్పౌట్ ఎంచుకోవడం

ఇక్కడ ట్యాపు అంటే మన ఇంటి కుళాయిలా తిప్పితే ఆగేది కాదు. చెట్టులోకి దిగే చిన్న ముక్కు లాంటి గొట్టం, స్పౌట్ అంటారు. పాతకాలంలో 7/16 అంగుళం వాడేవారు. ఇప్పుడు ప్రమాణం 5/16. చిన్న రంధ్రం త్వరగా పూడుతుంది, రసం మాత్రం పెద్దగా తగ్గదు. ఎవరైనా పాత 7/16 స్పౌట్‌లు ఉచితంగా ఇస్తే గోడకు అలంకారంగా పెట్టుకోండి. పాత బకెట్ల విషయంలోనూ జాగ్రత్త, అతుకుల దగ్గర సీసం కలిసిన టంకం ఉండే అవకాశం ఉంది, వాటిని రసానికి వాడకండి.

బకెట్టు పెట్టేవాళ్లకు కొక్కెం ఉన్న లోహపు స్పౌట్, లేదా చిన్న ట్యూబు తగిలించి నేల మీద మూత ఉన్న, ఆహార పదార్థాలకు పనికొచ్చే బకెట్టులోకి దించే ప్లాస్టిక్ స్పౌట్. రెండోది నాకు ఇష్టం, గాలికి బకెట్లు ఊగవు, వానా మంచూ పడవు.

ట్యూబు లైన్ల మీదకు వెళ్లేవాళ్లకు మూడు దారులున్నాయి. గట్టి, పారదర్శకమైన పాలికార్బొనేట్ స్పౌట్ లోపల రసం కదలడం కనిపిస్తుంది, కొత్తవాళ్లకు ఇది పెద్ద సాయం. గట్టిగా కొడితే మాత్రం చెట్టు చెక్కను చీలుస్తుంది. నైలాన్ కాస్త ఒదుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదు, కానీ మరిగించి ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. నేను మాత్రం ఏటా కొత్త ప్లాస్టిక్ స్పౌట్ వాడతాను. డాలరు లోపు వస్తువు అది. దాని మీద పొదుపు చేసి పంపు మీద వేలు పోసేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది.

ఏటా మార్చడం ఎందుకంటారా. రాత్రి చెట్టు గడ్డకట్టేటప్పుడు లోపల పీల్పు మొదలవుతుంది, స్పౌట్‌లో, ట్యూబులో మిగిలిన రసాన్ని చెట్టు వెనక్కి లాక్కుంటుంది. పోయినేటి పాచి పట్టిన ట్యూబు అయితే ఆ బ్యాక్టీరియా మొత్తం నేరుగా తాజా రంధ్రంలోకి పోతుంది. నాలుగైదు వారాల్లో రంధ్రం మూసుకుపోయి కారడం ఆగిపోతుంది. సరిగ్గా మంచి ప్రవాహం వచ్చే రోజుల్లో! దీనికి విరుగుడుగానే ప్రాక్టర్ కేంద్రంలో చెక్ వాల్వ్ స్పౌట్ కనిపెట్టారు. ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. లోపల చిన్న తెల్లటి బంతి దొర్లుతూ ఉంటుంది. రసం బయటికి వచ్చేటప్పుడు అది పక్కకు తప్పుకుంటుంది, వెనక్కి పోబోతే వెళ్లి దారికి అడ్డం పడుతుంది, అంతే. ఏటా ట్యూబు ముక్కలన్నీ మార్చే ఓపిక లేనివాళ్లకు దీని విలువ ఎక్కువ. అయితే ఇది కూడా ఒక్క సీజన్‌కే. కడిగి మళ్లీ వాడితే బంతి సరిగ్గా కూర్చోదు.

4. రంధ్రం

పదునైన, శుభ్రమైన, స్పౌట్ కొలతకు సరిపోయే డ్రిల్ బిట్టు. లోతు ఒకటిన్నర అంగుళం నుంచి రెండు లోపు, కొద్దిగా పైకి వంపు, అప్పుడే రసం నిలవకుండా బయటికి జారుతుంది. బిట్టు మీద టేపు చుట్టుకుంటే లోతు తప్పదు. రాలే పొట్టు రంగు చూడండి. లేత గోధుమ, దాదాపు తెలుపు అయితే సజీవమైన చెక్క. ముదురు గోధుమ రంగు వచ్చిందంటే పాత గాయంలోకి దిగారన్నమాట, అక్కడ రసం రాదు, ఎంత వాక్యూమ్ పెట్టినా రాదు.

ఎందుకంటే చెట్టు ఆ గాయాన్ని మాన్పదు, గోడ కట్టేస్తుంది. రంధ్రం పైకీ కిందికీ పొడుగ్గా ఒక మచ్చ ఏర్పడి, ఆ చెక్క ఇక ఎప్పటికీ నీరు మోయదు. కాబట్టి కొత్త రంధ్రం పాతదానికి పక్కకు కనీసం రెండు అంగుళాలు, పైకో కిందికో ఓ అడుగు జరగాలి. ఏడాదికేడాది చెట్టు చుట్టూ తిరుగుతూ పోవడమే పద్ధతి. మన దగ్గర ఈతచెట్టు గీసేవాళ్లు కూడా ఒక ఏడు ఒక వైపు, మరుసటేడు ఎదుటి వైపు గీస్తారు. మోకు కట్టుకుని పైకెక్కే ఆ మనిషికి ఈ సంగతి ఏ యూనివర్సిటీ చెప్పక్కర్లేదు.

స్పౌట్‌ను చిన్న సుత్తితో మెల్లగా కొట్టండి. మొదటి రెండు దెబ్బలకు 'టిక్ టిక్' అంటుంది, తర్వాత శబ్దం 'టక్'మని మొద్దుబారుతుంది. అక్కడ ఆపేయాలి. ఇంకో దెబ్బ వేశారా, రంధ్రం పైనా కిందా సన్నటి చీలిక వస్తుంది, వాక్యూమ్ అంతా ఆ చీలికలో పోతుంది.

ఎప్పుడు? వెర్మాంట్‌లో పాతవాళ్లు మార్చి మొదటి మంగళవారం, టౌన్ మీటింగ్ (ఊరి సభ) రోజు చుట్టూ మొదలుపెట్టేవారు. ఈ మధ్య ఫిబ్రవరిలోనే ప్రవాహం వచ్చేస్తోంది. పది రోజుల వాతావరణం చూసి, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు వరసగా కనిపించినప్పుడు దిగండి.

5. లైను: అసలు నిర్ణయం ఇక్కడుంది

ముప్ఫై ట్యాపుల లోపయితే బకెట్లు చాలు, లేదా వాలు ఉంటే 3/16. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

3/16 అంగుళం ట్యూబు చాలా సన్నం. మామూలు 5/16 లైనులో రసం అడుగున పారుతుంది, పైన గాలి ఉంటుంది. సన్నటి ట్యూబులో ఆ రెండూ పక్కపక్కన పట్టవు, రసమూ గాలి బుడగలూ వంతులవారీగా గొట్టం నిండా కదులుతాయి. అలా నిండిన రసపు దారం కిందికి జారుతూ పైన ఉన్నదాన్ని లాగుతుంది. పంపు లేదు, కరెంటు లేదు, భూమ్యాకర్షణే పంపు. ఒక అడుగు దిగుడుకు దాదాపు 0.88 అంగుళాల వాక్యూమ్ వస్తుంది. ముప్ఫై అడుగుల దిగుడు ఉంటే 26 అంగుళాలు, పెద్ద పంపులు ఇచ్చేంత! వెర్మాంట్ యూనివర్సిటీకే చెందిన టిమ్ విల్మాట్ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. వాలు కొలవమన్నది ఇందుకే.

రెండు మెలికలున్నాయి. ఒకటి, ఒక చెట్టుకు దక్కే వాక్యూమ్ దానికి కింద ఉన్న దిగుడును బట్టే. చెట్లన్నీ కింద ఉండి, ట్యాంకు వాటి పక్కనే ఉంటే లాభం లేదు. చివరి చెట్టు తర్వాత కూడా లైను చాలా దూరం కిందికి దిగాలి. రెండు, పూడిక. సన్నటి టీ జాయింట్లలో పొట్టు, పాచి చేరి మూసుకుపోతాయి. మొదటి ఏడాది అద్భుతంగా పనిచేసిన లైను రెండో ఏడాది సగం ఇస్తే కంగారుపడకండి, అదే కారణం. సీజన్ అయ్యాక బ్లీచ్‌తో కడగాల్సిందే. అందులోనూ కాల్షియం హైపోక్లోరైట్ వాడండి. మామూలు సోడియం బ్లీచ్ అయితే ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పు రుచికి ఉడతలు వచ్చి ట్యూబులు కొరికేస్తాయి. నేను ఒక వేసవిలో సోడియందే వాడాను. ఫిబ్రవరిలో వెళ్లి చూస్తే లైను పొడుగునా పిల్లనగ్రోవిలా బెజ్జాలు. ఒక లైనుకు పదిహేను నుంచి పాతిక ట్యాపుల లోపు ఉంచండి, చెట్టు నుంచి లైను దాకా వచ్చే డ్రాపు మాత్రం 5/16 పెట్టండి.

చదునైన నేల అయితే, లేదా ట్యాపులు వంద దాటితే, 5/16 పక్క లైన్లు, వాటిని కలిపే 3/4 లేదా ఒక అంగుళం మెయిన్ లైను, చివర పంపు. పక్క లైనుకు ఐదు ట్యాపులు మేలు, పది దాటకూడదు. మెయిన్ లైనుకు గట్టి తీగ ఊతం ఇచ్చి లాగి కట్టాలి. ఎక్కడా పొట్ట దిగకూడదు, కనీసం రెండు శాతం వాలు ఒకే దిక్కుకు ఉండాలి. పొట్ట దిగిన చోట రసం నిలిచి గాలికి అడ్డుకట్ట వేస్తుంది, పొద్దున అక్కడే ముందు గడ్డకడుతుంది. డ్రాపు 30 నుంచి 36 అంగుళాల పొడవు ఉంచండి, పొట్టిగా ఉంటే చెట్టు చుట్టూ తిరగలేక ఏటా ఒకే వైపు గుచ్చుతారు.

6. ఇప్పుడు పంపు

యాభై నుంచి రెండు వందల ట్యాపుల దాకా చిన్న 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు సరిపోతుంది. బ్యాటరీ మీద, సోలార్ ప్యానెల్ పెట్టి అడవి మధ్యలోనే నడపొచ్చు. రసాన్నీ గాలినీ కలిపి లాగుతుంది కాబట్టి రిలీజర్ (వాక్యూమ్ లోంచి రసాన్ని బయటికి వదిలే డబ్బా) అక్కర్లేదు. లీకులు లేని లైను మీద 18, 20 అంగుళాలు కూడా చూపిస్తుంది. తిరుగు పైపు పెట్టి కొంత రసం మళ్లీ పంపులోకే తిరిగేలా చేస్తే ఎండిపోయి పాడవదు. రాత్రికి ఖాళీ చేయడం మర్చిపోతే లోపల గడ్డకట్టి తల పగులుతుంది. నాది ఒకటి అలాగే పోయింది, ఆ రోజు పిల్లల పుట్టినరోజు హడావిడిలో పడి.

ఇంకా పెద్దదైతే పాల డెయిరీల నుంచి వచ్చిన పాత వేన్ పంపులు దొరుకుతాయి. వెర్మాంట్‌లో ఆవుల కొట్టాలు మూతపడుతున్న కొద్దీ ఇవి చవగ్గా వస్తున్నాయి. 15 అంగుళాల దగ్గర హాయిగా నడుస్తాయి, అంతకు మించి గంటల తరబడి లాగిస్తే వేడెక్కుతాయి. ఆయిల్‌తో చల్లబడే రకం అయితే 25 దాకా వెళ్లొచ్చు. లిక్విడ్ రింగ్ పంపు నీటితో సీలు వేసుకుంటుంది, తేమకు జంకదు, 27 దాకా లాగుతుంది, కానీ దానికి చల్లటి నీళ్లు నిరంతరం కావాలి. క్లా పంపుకు ఆయిలూ నీళ్లూ రెండూ అక్కర్లేదు, ధర మాత్రం గుండె పట్టుకోవాలి.

ఏసీ సర్వీసు వాళ్లు వాడే చిన్న వాక్యూమ్ పంపు వైపు మాత్రం పోకండి. నేను పోయాను. గేజి మీద 28 చూసి మురిసిపోయాను, మూడో రోజుకు ఆయిల్ అద్దంలో చూస్తే పాలు ఎక్కువైన టీలా ఉంది. తడిగాలిని రోజంతా పీల్చడానికి చేసిన వస్తువు కాదది.

సైజుకు పాత లెక్క వంద ట్యాపులకు ఒక సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి ఒక ఘనపుటడుగు గాలి. ఎక్కువ వాక్యూమ్ కావాలంటే దానికి రెట్టింపు పెట్టుకోండి. అమ్మేవాడు పెద్ద అంకె చెప్పగానే "ఎన్ని అంగుళాల దగ్గర?" అని అడగండి. వాక్యూమ్ పెరిగే కొద్దీ పంపు లాగగలిగే గాలి తగ్గుతుంది, మీకు కావాల్సింది మీరు నడిపే అంగుళాల దగ్గరి అంకె.

పెద్ద పంపులకు రిలీజర్ తప్పదు. రసం వాక్యూమ్ లోపల ఉంటుంది, ట్యాంకు బయటి గాలిలో ఉంటుంది, మధ్యలో గుమ్మం లాంటిది ఇది. గదిలో రసం నిండుతుంటే ఫ్లోటు పైకి లేస్తుంది, పైకొచ్చాక 'టక్'మని వాల్వు తిరిగి గాలి లోపలికి వస్తుంది, అడుగున తలుపు తెరుచుకుని రసం భళ్లున పడుతుంది, ఫ్లోటు దిగగానే మళ్లీ వాక్యూమ్. ఒక గది ఉన్నదైతే ఖాళీ అయ్యే ప్రతిసారీ లైను మీద వాక్యూమ్ కాస్త ఊగుతుంది, రెండు గదులదైతే ఊగదు. రిలీజర్‌కూ పంపుకూ మధ్య తేమ పట్టే డబ్బా పెట్టి తీరాలి. ఫ్లోటు ఒక్కసారి ఇరుక్కుంటే రసం నేరుగా పంపులోకి పోతుంది, చక్కెర నీళ్లు పంపులో ఎండితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

7. లీకుల వేట

పంపు దగ్గర ఒక గేజి, ప్రతి మెయిన్ లైను దూరపు కొసన ఒక గేజి. రెండింటి మధ్య రెండంగుళాలకు మించి తేడా ఉంటే దారిలో లీకుంది. ప్రవాహం ఉన్న రోజు లైను వెంట నడవండి. బుడగలు నింపాదిగా కదిలితే అది చెట్టులోంచి వచ్చే గాలి. పరుగులు పెడుతుంటే ఆ లైనులో బెజ్జం ఉన్నట్టే. చెవి దగ్గర పెడితే 'స్స్' అని వినిపిస్తుంది. ఉడత పళ్లు, విరిగిపడ్డ కొమ్మ, జింక కాలు, సరిగ్గా దిగని స్పౌట్, దాదాపు అన్నీ ఇవే. జేబులో కటింగ్ ప్లయరు, నాలుగు జాయింట్లు, ఫ్లాస్కులో వేడినీళ్లు ఉంచుకోండి. చలికి బిగుసుకున్న ట్యూబు కొసను వేడినీళ్లలో ముంచితేనే జాయింటు మీదకు ఎక్కుతుంది.

పంపును సాయంత్రానికి అలవాటుగా ఆపేయకండి. ఉష్ణోగ్రత సున్నా పైన ఉన్నంతసేపూ నడవనివ్వండి, చెట్టు గడ్డకట్టాకే ఆపండి. ముందే ఆపితే పైన చెప్పిన వెనక్కి పీల్చే పని మొదలవుతుంది. వచ్చిన రసాన్ని చల్లగా ఉంచి, ఒకట్రెండు రోజుల్లో మరిగించేయండి, పాలలాగే విరుగుతుంది.

8. విప్పేటప్పుడు

మొగ్గలు ఉబ్బి, రసం పసుపు తిరిగి, వాసన మారాక ఇక ఆశపడొద్దు. పంపు నడుస్తుండగానే పై చెట్టు నుంచి మొదలుపెట్టి స్పౌట్‌లు పీకుతూ రండి, లైనులో మిగిలిన రసమంతా ట్యాంకు వైపు పోతుంది. ఒక్కో డ్రాపును చిన్న బకెట్టులోని మంచినీళ్లలో ముంచి రెండు గుక్కలు తాగనిచ్చి, టీ జాయింటు దగ్గరి బిరడా మీద తగిలించండి. స్పౌట్‌ను పీకేటప్పుడు పక్కలకు ఊపకండి, నేరుగా లాగండి. రంధ్రంలో ఏమీ కుక్కకండి, మైనమూ వద్దు, మేకూ వద్దు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఒకటి రెండేళ్లలో దాన్ని తనే మూసేసుకుంటుంది.